నందిగామలో మంచు సారు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదని నాకు గట్టి నమ్మకం. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే అప్పట్లో నాకు నికరంగా తెలిసినవి రెండే. జగ్గయ్యపేట నుంచి నందిగామకి ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరుతుందో తెలుసు, లైబ్రరీ పుస్తకాల వీపుల మీద నంబర్లు ఎలా వేయాలో తెలుసు. ఈ రెండిటి బలం మీదే, ఇరవై నాలుగేళ్ల వయసులో, అరవై మంది డిగ్రీ పిల్లలకి నిజమేదో అబద్ధమేదో తేల్చుకోవడం ఎలాగో నేర్పడానికి పూనుకున్నాను. తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది. ఎందుకు ఆగిపోతుందో చెప్పుకుంటే కాస్త తేలికవుతుందేమోనని ఇది రాస్తున్నాను.

లైబ్రరీ సైన్సులో పీజీ చేసి ఏడాది పాటు ఇంట్లో కూర్చున్నాక (మా అమ్మ ప్రతి ఆదివారం చర్చిలో లేచి నా ఉద్యోగం కోసం ప్రార్థన చేయించేది, దాంతో నేను ఖాళీగా ఉన్నానన్న సంగతి జగ్గయ్యపేటలో సగం మందికి తెలిసిపోయింది) నందిగామ దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌గా చేరాను. లైబ్రరీ అంటే కెమిస్ట్రీ ల్యాబుని ఆనుకుని ఉన్న ఒక గది. అందులో మూడు బీరువాలు, ఒకదాని తాళంచెవి నేను చేరకముందే పోయింది. రెండు కంప్యూటర్లు, ఒకటి పనిచేసేది, రెండోదాని మీద ఎప్పుడూ గుడ్డ కప్పి ఉండేది. పిల్లలు పుస్తకాల కోసం కాక ఫ్యాను కింద కూర్చోవడానికి వచ్చేవాళ్లు. కాలేజీ యజమానిని అందరూ కరస్పాండెంటు గారనేవాళ్లు. ఆయన ఒకరోజు నన్ను పిలిపించి, ఫైనలియర్ వాళ్లంతా ప్రాజెక్టులు రాయాలని యూనివర్సిటీ అంటోందనీ, మనవాళ్లేమో జిరాక్సు షాపులో కొనుక్కొచ్చి ఇస్తున్నారనీ, సమాచారం ఎక్కడ దొరుకుతుందో, దాన్ని ఎలా సరిచూసుకోవాలో శనివారం శనివారం నువ్వు క్లాసు చెప్పాలనీ అన్నారు. నేను చెప్పడమే కాదు, మూడు రోజుల్లో ఇంగ్లీషులో పన్నెండు పేజీల చిన్న పుస్తకం కూడా తయారు చేసి అట్ట మీద నా పేరు, పేరు కింద నా డిగ్రీలు వేయించాను. (ఎలా తయారు చేశానో కాస్త ఆగి చెబుతాను. ఇప్పుడే చెబితే మీకు నా మీద ఉన్న కొద్దిపాటి గౌరవం పోతుంది.) కరస్పాండెంటు గారు దాన్ని చేతిలో పెట్టుకుని బరువు చూసి, బాగుందని, అరవై కాపీలు తీయించారు.

క్లాసులు మాత్రం శ్రద్ధగానే చెప్పాను, ఆ మాట ఇప్పటికీ అనగలను. ఏది చదివినా ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎందుకు రాశారు, ఇంకెవరైనా అదే మాట అంటున్నారా అని చూడమన్నాను. ఎవరి మాట వాడుకున్నా వాళ్ల పేరు కింద రాయమన్నాను. ఒక వాక్యం ఎక్కడినుంచైనా ఎత్తుకొచ్చిందేమోనని అనుమానం వస్తే, దానికి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టి నెట్లో వెతికితే అసలు రంగు బయటపడుతుందని చూపించాను. ఇది పిల్లలకి నచ్చింది. నాకు ఇంకా ఎక్కువ నచ్చింది. వారం తిరిగేసరికి నా నోట్లో ఒకటే మాట, సోర్సేది? జ్వరం వచ్చి రాలేదు సార్ అంటే సోర్సేది. బస్సు లేటు సార్ అంటే సోర్సేది. పిల్లలు నాకు సోర్సు సారు అని పేరు పెట్టారు. ఆ పేరు మొదటిసారి నా చెవిన పడ్డ రోజు ఇంటికెళ్లి అద్దంలో చూసుకున్నాను.

ప్రాజెక్టులు వచ్చాయి. జిరాక్సు షాపు ఆయన దగ్గర మొత్తం ఐదు ప్రాజెక్టులున్నాయని, అట్ట మార్చి అందరికీ అవే ఇస్తున్నాడని రెండు రోజుల్లో కనిపెట్టాను. జి.కొండూరు నుంచి వచ్చే ఒక కుర్రాడు వరిసాగు మీద రాస్తూ ‘మేం పంజాబు రైతులం’ అన్నాడు. ఇంకొకతను చివరి పేజీలో, పూర్తి వివరాలకు ఇక్కడ నొక్కండి అన్న ముక్క కూడా అచ్చు వేయించాడు. ఎక్కడ నొక్కాలో తెలియక నేను కాసేపు ఆ కాగితాన్ని చూస్తూ ఉండిపోయాను. ఒక్కొక్కటీ పట్టుకుని, ఎర్ర సిరాతో గీసి, అందరి ముందూ చదివి వినిపించి వెనక్కి ఇచ్చేవాణ్ణి. ఎస్సై ఉద్యోగం వచ్చినంత సంబరంగా ఉండేది. పిల్లల ముఖాలు వాడిపోవడం నాకు కనిపించేది కాదు. నిజం చెప్పాలంటే కనిపించేది. బాగానే ఉండేది.

వీరులపాడు నుంచి ఒక అమ్మాయి వచ్చేది. మూడో బెంచీలో కిటికీ పక్కన కూర్చునేది, ఏదైనా అడిగితే తప్ప మాట్లాడేది కాదు. వాళ్ల నాన్న కౌలుకి తీసుకుని మిర్చి వేసేవాడు. ఆ అమ్మాయి తన ప్రాజెక్టుని తెలుగులో, చేత్తో రాసి ఇచ్చింది. మిరపచేలో తెగులు వస్తే మా ఊరి రైతులు ఎవరి మాట నమ్ముతారు, ఎందుకు నమ్ముతారు అన్నది విషయం. నలభై ఇళ్లు తిరిగి అడిగిందట. ఎక్కువమంది పురుగుమందుల షాపు ఆయన మాటే వింటారని రాసింది. ఒక రైతు మొదట ఒక జవాబు చెప్పి, భార్య నీళ్లు తీసుకుని రాగానే ఇంకో జవాబు చెప్పాడని, తను రెండూ రాసుకున్నానని రాసింది. ఒక ముసలావిడ, ఆకు ముడత పడితే ముందు పక్క చేను చూస్తానని, ఆ తర్వాతే పైకి చూస్తానని చెప్పిందట. అంత చక్కగా, అంత సూటిగా ఉన్న తెలుగు నేను ఆ కాలేజీలో చూడలేదు. నాకు వచ్చిన మొదటి ఆలోచన ఇది బాగుందని కాదు, ఇది ఎక్కడిది అని. పదకొండు వాక్యాలు నెట్లో వెతికాను. ఒక్కటీ దొరకలేదు. దొరకలేదు కాబట్టి తనే రాసిందనుకోవాలి కదా. నేను అలా అనుకోలేదు. నెట్లో లేదంటే నెట్లో ఎక్కని పాత పుస్తకంలోంచి తీసి ఉంటుంది, అంటే మామూలు దొంగ కాదు, తెలివైన దొంగ అనుకున్నాను. (నా డిగ్రీలు అట్ట మీద ఊరికే వేయించుకోలేదు.)

అదే వారం యూనివర్సిటీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. సెలవుల్లో పది రోజులు పరిశోధన శిక్షణ శిబిరం పెడుతున్నామని, ఒక్కో కాలేజీ నుంచి ఒకరిని పంపమని, బాగా చేసినవాళ్లకి పీజీ సీటు విషయంలో సాయం చేస్తామని. శనివారం సాయంత్రంలోగా పేరు పంపాలి. కరస్పాండెంటు గారు ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, నీ ఇష్టం అన్నారు.

ఆ శనివారం క్లాసులో వీరులపాడు అమ్మాయిని లేపి అడిగాను, సోర్సేదని. తనే ఇళ్లు తిరిగి అడిగి రాశానంది. ఆ మాట అందరూ అంటారని, రుజువు ఏదని అన్నాను. అడిగినవన్నీ ఒక నోట్సులో రాసుకున్నానని, అది ఇంటి దగ్గరుందని, సోమవారం తెస్తానని అంది. సోమవారం దాకా యూనివర్సిటీ ఆగదన్నాను. క్లాసంతా నవ్వింది. అందులో పంజాబు రైతు కూడా ఉన్నాడు. ఆ అమ్మాయి కూర్చోమనేదాకా నిలబడే ఉంది. నేను కూర్చోమనడం మర్చిపోయాను. సాయంత్రం వేరే కుర్రాడి పేరు పంపేసి, పేట బస్సెక్కి, చిల్లకల్లు దాటేలోపే నిద్రపోయాను.

సోమవారం పొద్దున్నే లైబ్రరీ తీసేసరికి ఆ అమ్మాయి గుమ్మం దగ్గర ఉంది. చేతిలో అంచులు నలిగిన నోట్సు. అందులో నలభై ఇళ్లు, ఇంటికో పేజీ, ఎవరేమన్నారో వాళ్ల మాటల్లోనే. కొన్ని పేజీల మీద వేళ్ల ఎరుపు అంటుకుని ఉంది. మిరపకాయలు ఏరుతున్న చోటే కూర్చుని రాసుకుందని చూస్తేనే తెలుస్తోంది. ఏదో అనబోయేలోపు నా పన్నెండు పేజీల పుస్తకం కూడా తీసి బల్ల మీద పెట్టింది.

“సార్, మీరు చెప్పినట్టే ఇందులో ఒక వాక్యం కోట్స్‌లో పెట్టి వెతికానండి, నెట్ సెంటర్‌లో. ఫారిన్‌లో ఏదో కాలేజీ లైబ్రరీ వాళ్ల సైటులో మొత్తం ఇలాగే ఉంది. వాళ్లు మీ దగ్గర తీసుకున్నారేమోనని అడుగుదామనుకున్నా.”

ఇప్పుడు చెబుతున్నాను. ఆ పుస్తకంలో ఒక్క ముక్క కూడా నాది కాదు. ఆ సైటులోంచి తీసి, వాళ్ల కాలేజీ పేరు కొట్టేసి మా కాలేజీ పేరు పెట్టాను, రెండో అంతస్తు, మ్యాపుల గది, కాఫీ దుకాణం లాంటివి తీసేశాను. ఎత్తిరాయకూడదని చెప్పే పాఠాన్నే ఎత్తిరాశాను. ఆ అమ్మాయి నాకు తప్పించుకునే దారి ఇచ్చింది. ఎగతాళిగా కాదు, నిజంగానే ఇచ్చింది. నేను వెంటనే ఆ దారిలో దూరాను. ఇలాంటి విషయాలు అందరికీ ఒకటేనని, వాళ్లూ మేమూ ఒకే చోటు నుంచి తీసుకున్నామని అన్నాను.

ఆ అమ్మాయి తొమ్మిదో పేజీ తిప్పి, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ఒక లైను మీద వేలు పెట్టింది. మంచు విపరీతంగా కురిసిన రోజుల్లో లైబ్రరీ రెండు గంటలు ఆలస్యంగా తెరవబడును.

“మంచు కూడానా సార్?” అంది.

నందిగామలో ఏప్రిల్ ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. అరవై కాపీలు పంచాం. ఆ లైను కరస్పాండెంటు గారు చూడలేదు, లెక్చరర్లు చూడలేదు, నేనూ చూడలేదు. ఆ పుస్తకాన్ని చివరిదాకా చదివింది ఆ అమ్మాయి ఒక్కతే. అలాంటి మనిషిని నేను దొంగన్నాను.

యూనివర్సిటీకి ఫోన్ చేశాను. లిస్టు అయిపోయిందన్నారు. మళ్లీ చేశాను. అయిపోయిందని చెప్పాం కదండీ అన్నారు. మూడోసారి చేస్తే ఎత్తలేదు. ఆ రోజు తన ప్రాజెక్టు నాతో తీసుకెళ్లి, బస్సులో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. అంతకుముందు వాక్యాలు వెతికానే కానీ చదవలేదు. మర్నాడు తెచ్చి మిగతావాటితో పాటు బీరువాలో పెట్టేశాను.

ఆదివారం వీరులపాడు వెళ్లాను, వాళ్ల నాన్నకి నా తప్పు నేనే చెప్పుకుందామని. ఆయన నన్ను చూసి కంగారు పడిపోయి, తువ్వాలుతో కుర్చీ తుడిచి కూర్చోబెట్టి, తనే వెళ్లి కూల్‌డ్రింకు సీసా తెచ్చాడు. కూతురు శిబిరం సంగతి ముందే చెప్పి ఉంచిందట. సారు ఇంటిదాకా వచ్చారంటే శిబిరానికి పిలుపు వచ్చినట్టేనని ఆయన అనేసుకున్నాడు.

“ఎప్పుడు బయల్దేరాలండీ?” అని అడిగాడు. “కాయల ఏరుడు అయ్యేలోపైతే కూలీల్ని చూసుకోవాలి. అయినా పంపిస్తాలెండి.”

నేను నోరు తెరిచాను. గుమ్మంలో నిలబడ్డ ఆ అమ్మాయి, ఈసారి మన కాలేజీ నుంచి అబ్బాయిల్నే అడిగారంట నాన్నా, ఆ మాట చెప్పడానికే సారు వచ్చారు, అంది. ఆయన నా వైపు చూసి, అలాగా అన్నాడు. తర్వాత డ్రింకు వేడెక్కుతోంది, తాగమన్నాడు. తాగాను. తాగి వచ్చేశాను. తప్పు చెప్పుకోవడానికి వెళ్లి, నా కోసం ఆ పిల్ల చేత అబద్ధం చెప్పించి వచ్చాను. నా జీవితంలో అంత చేదుగా ఏదీ తాగలేదు, అది తియ్యటి నారింజ రంగు డ్రింకైనా సరే.

తర్వాతి శనివారం క్లాసులో బోర్డు మీద ఆ సైటు పేరు రాశాను. ఈ పుస్తకం నాది కాదని, వాళ్లదని, ఈ క్లాసులో ఒకరి ప్రాజెక్టు పూర్తిగా వాళ్ల సొంతమని, నేను తప్పుగా అన్నానని చెప్పాను. అట్ట మీద నా పేరు కొట్టేసుకోమని కూడా చెప్పాను. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత పంజాబు రైతు తొమ్మిదో పేజీ తీసి మంచు లైను గట్టిగా చదివాడు. ఆ నవ్వు కెమిస్ట్రీ ల్యాబు దాకా వినపడి వాళ్లు కూడా వచ్చి చూశారు. ఆ రోజు నుంచి నేను సోర్సు సారుని కాదు, మంచు సారుని. నవ్వనిది ఆ అమ్మాయి ఒక్కతే. తల వంచుకుని నోట్సులో ఏదో రాసుకుంటూ కూర్చుంది. సాయంత్రం కరస్పాండెంటు గారు పిలిచి, కోప్పడకుండానే అన్నారు, “అందరి ముందూ ఒప్పుకోవడం దేనికయ్యా? ఆ మంచు లైను తీసేసి మళ్లీ ప్రింటు తీయిస్తే సరిపోయేది కదా.”

ఆ అమ్మాయి డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసైంది. పీజీకి వెళ్లలేదు. ఆ ఏడు మిర్చికి తామరపురుగు తగిలిందని, చేను దున్నేశారని ఎవరో చెప్పారు. నాకు ఆ ఊరు వెళ్లి చూసే ధైర్యం చాల్లేదు. తర్వాత కొన్నేళ్లకి పిల్లలు చేరక ఆ కాలేజీ మూతపడింది. బీరువాల్లోవన్నీ, పిల్లల ప్రాజెక్టులతో సహా, పాత కాగితాలవాడి ఆటోలో ఎక్కించిన రోజు నేను సెలవు పెట్టాను. అక్కడుండి ఏదైనా ఆపగలిగేవాణ్ణేమో. ఉండలేదు. ఇప్పుడు పేటలో ఇంకో కాలేజీలో పనిచేస్తున్నాను. ఇప్పటి పిల్లలు జిరాక్సు షాపుకి వెళ్లరు, ఫోన్‌ని అడిగితే అదే ప్రాజెక్టు రాసి ఇస్తోంది. నేను మాత్రం ఎవరినీ లేపి నిలబెట్టడం లేదు. ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్లు తెచ్చింది మొదలు నుంచి చివరిదాకా చదువుతాను. పని సాగదు. కరస్పాండెంట్లు విసుక్కుంటారు.

పోయినేడు నందిగామ బస్టాండులో ఎవరో సార్ అని పిలిచారు. చూస్తే ఆ అమ్మాయి. నేను గుర్తుపట్టడానికి కాస్త టైము పట్టింది, తనకి పట్టలేదు. పురుగుమందుల షాపులో లెక్కలు రాస్తున్నానని చెప్పింది. నాన్న పోయి రెండేళ్లయిందట. ఇంకా ఆ కాలేజీలోనే చేస్తున్నారా అండి అని అడిగింది. మూతపడిందని చెప్పాను. పుస్తకాలు ఏమయ్యాయని అడిగితే, అదీ చెప్పాను.

“అయితే నా ప్రాజెక్టు కూడా పోయినట్టేగా అండి?”

మా ఇంట్లో జాగ్రత్తగా ఉందని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. పోయిందమ్మా అన్నాను. తను బస్సులు వచ్చే వైపు చూసింది. తర్వాత అడిగింది, మీరు మొత్తం చదివారా అండి, అప్పుడు?

“చదివాను. రెండుసార్లు చదివాను.”

“అయితే చాల్లెండి,” అంది. చిన్నగా నవ్వింది కూడా. ఇంతలో వీరులపాడు బస్సొచ్చింది, చేతిసంచి సర్దుకుని ఎక్కేసింది. కిటికీలోంచి ఒకసారి తలూపింది.

పేట బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది, నేను చదివింది ఒక్కసారే. రెండు అని ఎందుకన్నానో నాకే తెలియదు. ఇన్నేళ్లొచ్చినా, ఇంత జరిగినా, ఉన్నదానికి కాస్త కలిపి చెప్పే ఆ ఇరవై నాలుగేళ్ల కుర్రాడు ఇంకా నాలోంచి పూర్తిగా దిగిపోలేదన్నమాట. కండక్టర్ టికెట్ అడుగుతుంటే నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను.