తీర్థం పుచ్చుకున్న టైటానియం

గాజుపూత ప్రయోగాల కోసం మేము నెలల తరబడి ఎదురుచూసిన టైటానియం ఐసోప్రొపాక్సైడ్ సీసా ఈ రోజు మా కరీంనగర్ కాలేజీకి వచ్చింది. ఆ రసాయనానికి తేమ తగిలితే పాడవుతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. కొత్త సామానుకు పూజ తప్పదన్నారు ప్రిన్సిపాల్‌గారు. నేను కర్పూరం పళ్లెం దూరం జరిపేలోపు ఆయన సీసాకు బొట్టు పెట్టి, మూత తీసి, ఉద్ధరిణె ఎత్తారు.

“సార్, నీళ్లు తగలొద్దని సీసా మీదనే రాసున్నది.”

“గివి నీళ్లు కాదయ్యా, తీర్థం. జర నమ్మకముండాలె.”

పోశారు. పొగ లేచింది. తేటగా ఉన్న ద్రవం విరిగిన పాలలా తెల్లబడింది.

నీళ్లకూ తీర్థానికీ తేడా తెలిసేంత చదువు దానికి లేదు పాపం. చెప్పే పంతులెవరైనా మీ ఎరుకలో ఉంటే పంపండి. బడి పంతులైనా సరే, గుడి పంతులైనా సరే.