బ్యాటరీకి తొడిగిన జాకెట్టు

ఆ రోజుల్లో మా దిక్కు ఎవరైనా ఊరికి పోవాలంటే ముందు అడిగేది బస్సు ఎప్పుడని కాదు, రేపు బంద్ ఉందా లేదా అని. తెలంగాణ కోసం ఊరూరా కొట్లాట నడుస్తున్న కాలం. బస్సులు డిపో దాటి వచ్చేవి కావు, దుకాణాలు సగం షట్టరు దించుకుని భయంభయంగా నడిచేవి, చౌరస్తాల నడిమధ్య పొయ్యిలు పెట్టి జనం అక్కడే వండుకుని అక్కడే తినేవాళ్లు. మాకు అదేం కష్టంగా తోచేది కాదు. రాష్ట్రం వస్తుందంటే పస్తులున్నా సరే అన్నట్టుండేది మనసు. కాకపోతే సరిగ్గా అప్పుడే నాకు మొదటి పెళ్లి ఆర్డరు వచ్చిపడింది. రాష్ట్రం సంగతి చూడ్డానికి అంతమంది ఉన్నారు, నా జాకెట్ల సంగతి చూడ్డానికి నేనొక్కదాన్నే కదా.

నేను అయిదో తరగతిలో బడి మానేశాను. (మానేశాననడం గొప్పకు. లెక్కల సారూ నేనూ ఒకరినొకరం మానేశాం.) నర్సింహులపేట దగ్గర మా ఊళ్లోనే మిషన్ కుట్టడం నేర్చుకున్నాను. మిషన్ కొనిచ్చింది మా బాపే గానీ దాని మీద ఆయనకు నమ్మకం లేదు. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, పాలివ్వని బర్రెను చూసినట్టు దాన్ని చూసేవాడు. గూడూరు అవతల ఒక ఊళ్లో మా మేనత్తకు తెలిసినవాళ్ల పిల్లకు పెళ్లి కుదిరింది. ఆ పిల్ల తల్లి టౌను టైలరును కాదని జాకెట్లన్నీ నాకు ఇచ్చింది. ఆ సంగతి వినగానే బాపు ఒక్కటే మాట అన్నాడు: "లగ్గం టైముకు రైక అందకపోతె మళ్ల మిషన్ ముట్టుకోకు బిడ్డ. అమ్మి బర్రెను దెస్త." నవ్వుతూ అన్న మాట కాదది. మర్నాడే బేరగాడొకడు మా ఇంటికి వచ్చి, మిషన్ చుట్టూ తిరిగి, చక్రం తిప్పి చూసి వెళ్లిపోయాడు. ఆ చక్రం చప్పుడుకే నాకు భయమేసింది.

జాకెట్లన్నీ కుట్టేశాను. పెళ్లి పీటల మీద వేసుకునే ఆకుపచ్చ పట్టు జాకెట్టుకు మాత్రం హుక్కులు పెట్టలేదు. పిల్ల తొడుక్కున్నాక బిగువు చూసి హుక్కులు కుట్టడం నా పద్ధతి. అంటే పెళ్లి పొద్దున నేను అక్కడ ఉండి తీరాలి. ఆ పొద్దున్నే బంద్ అని ముందురోజు తెలిసింది. ఇక మిగిలింది మా తమ్ముడి బండి. ఆ బండికి కిక్కు లేదు, బటన్ నొక్కితేనే లేస్తుంది. బటన్‌కు ప్రాణం పోసే బ్యాటరీ చచ్చి అప్పటికే చాలా రోజులైంది. కొత్తది కొందామంటే దుకాణం తెరిచినవాడు లేడు.

మా తమ్ముడు మానుకోట టౌనులో సెల్‌ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు బాగుచేసే దుకాణంలో పనిచేసేవాడు. ఇంట్లో వాణ్ని సైంటిస్టు అనేవాళ్లం. ఆ దుకాణంలో మూల పడేసిన ల్యాప్‌టాప్ బ్యాటరీలను వాడు సంచి నిండా తెచ్చి, ఒక్కొక్కటీ పగలగొట్టి, లోపలి నుంచి బొటనవేలంత బ్యాటరీ గుండ్లు తీసి అరుగు మీద పేర్చాడు. "అక్కా, డబ్బ సచ్చిందని పారేస్తరు గని లోపల ఇవన్ని సావయి. మంచియి ఏరి కట్ట కడితె బండికి బ్యాటరీ అయితది. పాత బ్యాటరీ లేపుతుంటె నడుము వడ్తది. ఇది లిథియం, దూది లెక్కుంటది," అన్నాడు. పేలదా అని అడిగాను. "నీ సెల్‌ఫోన్ల ఉన్నది గదేనే. రోజు చెవు కాడ పెట్టుకుంటలెవ్వా," అన్నాడు. మా అవ్వ మాత్రం నమ్మలేదు. "చెవు కాడ ఒకటే పెట్టుకుంటది. నువ్వు కుప్ప పోసినవ్. ఏదున్నా వాకిట్లనే చేస్కో, ఇంట్లకు తేకు," అని తలుపు దగ్గరికి వేసింది.

రేకు పట్టీలతో గుండ్లను కలిపి అతుకు పెట్టే సమయానికి కరెంటు పోయింది. వాడు దిగులు పడలేదు. నా ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేసి, అతుకుపెట్టే కడ్డీని అందులో కాల్చి కాల్చి పని కానిచ్చాడు. చివరికి నల్లటేపు చుట్టి నా చేతిలో పెట్టాడు. నిజంగానే బరువు లేదు, బెల్లం గడ్డంత ఉంది. కానీ పాత బ్యాటరీ గూట్లో పెడితే కందిపప్పు డబ్బాలో గింజలా గడగడ కొట్టుకుంది. "దీనికేమన్న మెత్తగ కుట్టియ్యి అక్కా," అన్నాడు. కుట్టమంటే నాకు ఒళ్లు తెలియదు. కొలత తీసి, పెళ్లి జాకెట్టులో మిగిలిన ఆకుపచ్చ పట్టుముక్కతో, లోపల దూది పెట్టి, ముందు వైపు వరసగా హుక్కులతో ముచ్చటైన కవరు కుట్టాను. విప్పి ఉతుక్కోవడానికి వీలుగా ఉండాలి కదా. (బ్యాటరీ కవరు ఎవరు ఉతుకుతారని అడగకండి. నాకు వచ్చిన కుట్టు అదొక్కటే.) పొట్లంలో మిగిలిన హుక్కులన్నీ దానికే అయిపోయాయి. పెళ్లింట్లో అంతమంది ఆడవాళ్లుంటారు, హుక్కులు దొరకవా అనుకున్నాను. బటన్ నొక్కితే బండి గుర్రుమని లేచింది. బాపు కూడా వాకిట్లోకి వచ్చి చూశాడు. తమ్ముడు బ్యాటరీ వైపు, నేను జాకెట్టు వైపు చూసి మురిసిపోయాం.

పొద్దు పొడవకముందే బయలుదేరాం. జాకెట్ల మూట ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాను. మానుకోట దాకా బాగానే ఉంది. దాటాక రోడ్డంతా గుంతలు. గుంత పడ్డప్పుడల్లా కింద ఏదో చిట్‌మంటోంది. కాసేపటికి సీటు వెచ్చబడ్డట్టు అనిపించింది. "తమ్మీ, సీటు కాలుతున్నదిరా." "ఎండకు అక్కా." అప్పటికింకా ఎండే రాలేదు. మంచు కురుస్తోంది, నాకు పళ్లు కొట్టుకుంటున్నాయి, కింద మాత్రం పెనం మీద కూర్చున్నట్టుంది. ఆపమంటే మళ్లీ లేస్తుందో లేదో, లేవకపోతే లగ్గం దాటిపోతుంది, లగ్గం దాటితే మిషన్ పోతుంది. అందుకే ఒకసారి ఈ పక్కకు, ఒకసారి ఆ పక్కకు ఒరుగుతూ నోరు మూసుకుని కూర్చున్నాను. బేరగాడు మిషన్ చక్రం తిప్పిన చప్పుడే చెవుల్లో తిరుగుతోంది.

గూడూరు చౌరస్తాకు చేరేసరికి దారి లేదు. రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు, వాటి వెనక పొయ్యిలు, పొయ్యిల మీద గంగాళాలు, చుట్టూ జనం, పక్కన పోలీసులు. పక్క రోడ్డు మీద మామిడాకులు కట్టిన జీపు ఒకటి ఆగి ఉంది. గంగాళం దగ్గర గరిటె పట్టుకుని ఉన్న ఒక ముసలవ్వ మా ముందుకు వచ్చింది. ఆ చౌరస్తా మొత్తం ఆమె మాట మీదే నడుస్తోందని చూడగానే తెలిసింది.

"బండి బంద్ జెయ్యి కొడుకా. పొగ అన్నంల వడ్తది."

"బంద్ జేస్తె మళ్ల లెవ్వదేమో అవ్వా. జర పోనియ్యి, పెండ్లికి పోవాలె."

"ఆ జీపు గూడ పెండ్లిదే. అన్నం ఉడికినంక తిని పోతరు. నువ్వేమన్న పెండ్లికొడుకువా?"

తమ్ముడు బండి ఆపాడు. చప్పుడు ఆగాక తెలిసింది, సీటు కింద నుంచి సన్నగా పొగ వస్తోందని. నేను ఒక్క దూకు దూకాను. వాడు సీటు లేపి, వైర్లు పీకి, కట్టను బయటికి లాగి, చెయ్యి కాలి నడిరోడ్డు మీద వదిలేశాడు. ఆకుపచ్చ పట్టు చుట్టుకుని, వైర్లు వేలాడుతూ, పొగ కక్కుతూ అది అక్కడ పడి ఉంది. పోలీసాయన విజిల్ వేశాడు. అంతే, బాంబనుకుని జనమంతా వెనక్కి జరిగారు. జీపులోంచి బాసింగం కట్టుకున్న పెళ్లికొడుకు దిగి జీపు వెనక నక్కాడు. (భూపాలపల్లి బొగ్గుబాయిలో పని అతనికి. రోజూ పాతాళానికి దిగి వచ్చే మనిషి.)

"ఏందిరా అది?" అన్నాడు పోలీసాయన దూరం నుంచే.

"బ్యాటరీ సార్."

"బ్యాటరీకి రైక ఎందుకు తొడిగిన్రు?"

మా సైంటిస్టు నా వైపు చూశాడు. నాకు అప్పుడు అర్థమైంది. గుంతలకు ఊగీ ఊగీ నా హుక్కు ఒకటి నల్లటేపును కొరుక్కుని లోపలి రేకు పట్టీలకు తగులుతోంది. చిట్‌చిట్‌మన్నది అదే. తమ్ముడికీ అదే తోచింది కాబోలు, "అక్కా, హుక్కులు ఇనుపయి గదనే," అన్నాడు ఏడుపు గొంతుతో. "జాకెట్లకు చెక్క హుక్కులు పెడ్తర్రా," అన్నాను. పొగ ఎక్కువవుతోంది. దగ్గరికి రావద్దని పోలీసాయన అరుస్తున్నాడు. ముసలవ్వ దగ్గరున్న మసిగుడ్డను నీళ్లలో ముంచి పిండుకుని, వద్దంటున్నా వినకుండా ముందుకు పోయి కూర్చున్నాను. హుక్కులు తీయడానికి నాకు కళ్లు అక్కర్లేదు. తడిగుడ్డతో కట్టను అదిమిపట్టి, మొహం పక్కకు తిప్పుకుని పైనుంచి టకటకా తీసుకుంటూ పోయాను. రెండోదాని దగ్గర వేలు చుర్రుమంది, అయినా వదల్లేదు. కవరు ఊడి నా చేతికి వచ్చింది. ముసలవ్వ పరుగున వచ్చి, పప్పు గరిటెతో ఆ కట్టను రోడ్డు పక్క ఇసుక కుప్పలోకి తోసేసింది. అందరం ఇసుక వైపే చూస్తూ నిలబడ్డాం. పొగ సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఆగింది. అప్పుడు ముసలవ్వ గరిటెను చూసుకుని, "ఇగ దీంతోని పప్పెట్ల పెట్టాలె," అంది. (ఇప్పుడు ఎవరైనా ఇంట్లో ఇలాంటి కట్ట కడతానంటే వాళ్లను నేనే తరిమి కొడతాను.)

భయం పోయాక ఏడుపు వచ్చింది. మూట పట్టుకుని రోడ్డు మీదే కూలబడ్డాను. ఎవరి పెండ్లి బిడ్డా అని ముసలవ్వ అడిగింది. చెప్పాను. పెళ్లికూతురి ఇంటిపేరు వినగానే జీపు వెనక నుంచి బాసింగం బయటికి వచ్చింది. "మా పెండ్లే," అన్నాడు పెళ్లికొడుకు చిన్న గొంతుతో. నేను ఏ లగ్గం దాటిపోతుందని వేడి సీటు మీద చచ్చానో, ఆ లగ్గం పెళ్లికొడుకే పప్పు వాసన పీలుస్తూ ఒక్కపొద్దుతో అక్కడ కూర్చున్నాడు. ముసలవ్వ గరిటె ఊపింది. "రైక లేంది పెండ్లెట్లయితది. రాళ్లు జరుపుండ్రి," అంది. జీపు కదిలింది. తమ్ముడు బండితో అక్కడే ఉండిపోయి, సాయంత్రం దాకా వడ్డన చేశాడట.

జీపులో పెళ్లికొడుకు మేనత్తల మధ్య ఇరుక్కుని కూర్చున్నాక గుర్తొచ్చింది, హుక్కులు లేవు, పెళ్లింట్లో వెతికే టైమూ లేదు. పిల్ల కొలత నా చేతికి తెలుసు. బిగువు సంగతి దేవుడెరుగు అనుకుని, చేతిలోని ఆకుపచ్చ కవరు నుంచి ఆ హుక్కులే పళ్లతో కొరికి ఊడదీశాను. జీపు ఎగురుతోంది, సూదిలోకి దారం పోదు. "బావా, దారం జర పట్టుకో," అంటే పెళ్లికొడుకు సిగ్గుపడుతూ దారపు ఉండ పట్టుకున్నాడు. కాలిన వేలు నోట్లో పెట్టుకుంటూ, తీస్తూ, ఊరి పొలిమేరలో ఆఖరి హుక్కు కుట్టాను. జాకెట్టు ఆ పిల్లకు పోత పోసినట్టు సరిపోయింది. రెండో హుక్కు మాత్రం నల్లగా మాడి ఉంది. పైట కింద ఎవరికి కనిపిస్తుంది.

మర్నాడు ఇంటికి పోతే, "రైక అందిందా?" అన్నాడు బాపు. అందింది అన్నాను. సాయంత్రం చూస్తే మిషన్‌కు నూనె వేస్తూ కనిపించాడు. బర్రె మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు.

రాష్ట్రం వచ్చింది. తమ్ముడు ఇప్పుడు మానుకోటలో కరెంటు స్కూటర్ల బ్యాటరీలు బాగుచేస్తాడు, కవర్లు మాత్రం నన్ను కుట్టమనడు. మొన్న ఆ పెళ్లికూతురు భూపాలపల్లి నుంచి వచ్చింది. ఒళ్లు చేసింది, పాత పట్టు జాకెట్టు వదులు చేయమని తెచ్చింది. "అక్కా, అన్ని హుక్కులు ఊడినయి, మార్పిచ్చిన. ఈ నల్లదొక్కటి ఎన్నడు ఊడలె. చూడనీకి బాగలేదు, దీన్ని గూడ మార్చరాదు," అంది. జాకెట్టు వెలుగులోకి పట్టుకుని చూశాను. నా కుట్టే. జీపు ఎగిరినప్పుడల్లా దారం వంకరపోయి, ముడి మీద ముడి పడ్డ అప్పటి ఇరవై ఏళ్ల పిల్ల కుట్టు. ఇప్పుడు నేనింత గట్టిగా కుట్టలేను. "ఉండనీ చెల్లె, గది మంచిగనే ఉన్నది," అని పక్క కుట్లు మాత్రం విప్పి ఇచ్చాను.