లేపే డాక్టరు కోసం మా మేనత్త వెతుకులాట

మా మేనత్త పోయింది. మొన్న పొద్దున గద్వాల ఎస్టీడీ బూత్ నుంచి మామ మా బడికి ఫోన్ చేసి, ‘పిల్లా, మీ అత్త లేదు’ అన్నాడు. గుండె ఆగిందట. నేను పాఠాలు చెప్పే ఆ నాగర్‌కర్నూల్ బడిలోనే ఒక టీచరమ్మ, ‘పోనీలే పాపం, పక్షవాతం మనిషి, బాధ తప్పింది’ అంది. నాకు ఒళ్లు మండింది. ఎవరికి తప్పింది బాధ? మా అత్త ముందురోజు సాయంత్రం దాకా మగ్గం నేసింది.

పక్షవాతం కొన్నేళ్ల కిందటి మాట. ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. పెద్ద దవాఖానలో ప్రాణం నిలబెట్టి, ‘మా పని అయిపోయింది, ఇంటికి తీసుకుపొండి’ అన్నారు. ఎముకల డాక్టరు ఎముకలు బాగున్నాయన్నాడు. నరాల డాక్టరు మాత్రలు రాశాడు. పసరు కట్టేవాళ్లు పసరు కట్టారు. చివరికి అందరిదీ ఒకటే మాట, పడుకోబెట్టి చూసుకోండని. ఆమేమో గుంట మగ్గం మనిషి. గుంటలోకి కాళ్లు దించి కూర్చుని, కింద తొక్కుతూ పైన చేతులతో నేయాలి. అలాంటి మనిషికి మంచంలో ముద్దలు తినిపించడం మొదలుపెట్టాం. ప్రేమతోనే చేశాం.

మా వైపు ఎవరికైనా బాగాలేదంటే బ్రెడ్డు ప్యాకెట్టో అరటిపళ్లో పట్టుకుని చూడటానికి వస్తారు. మంచం పక్కన కూర్చుని కాసేపు ఏడ్చి పోతారు. మా అత్త ఆ ఏడుపు సాగనిస్తేనా! మాట ముద్దముద్దగా వచ్చేది, అయినా అడిగేది.

‘ఏడిస్తే ఏడిస్తివి గని, నడిపిచ్చే డాక్టర్ యాడున్నడో ఎరుకనా?’

‘గిట్లయినంక యాడ నడుస్తవక్కా? దేవుని మీద భారమెయ్యి.’

‘దేవుని సంగతి నేను సూసుకుంట. నువ్వైతే ఆ బ్రెడ్డు తీస్కపో. డాక్టర్ యాడున్నడో తెల్సినంక రా.’

నిజంగానే వెనక్కి పంపేది. మామ తల పట్టుకునేవాడు. ‘అందరితోని లొల్లి పెట్టుకుంటవేందే’ అంటే, ‘పండబెట్టుడు అందరికొస్తది. లేపెటోన్ని సూపియ్యి’ అనేది.

ఎంతమంది బ్రెడ్డు తిరిగి పోయిందో లెక్కలేదు. చివరికి వనపర్తి నుంచి వచ్చిన దూరపు చుట్టం ఒకామె దగ్గర జవాబు దొరికింది. ఆమె అల్లుణ్ణి లారీ గుద్దితే పట్నంలో సర్కారు దవాఖానకు తీసుకుపోయారట. అక్కడ ఫిజికల్ మెడిసిన్ అని వేరే విభాగం ఉందట. ‘గోలీలు తక్కువనే ఇస్తరక్కా. పని మస్తు చేపిస్తరు. మా అల్లుడు ఇప్పుడు తన పనులు తనే చేసుకుంటుండు’ అంది. అత్త వెంటనే లోపలికి కేకేసింది: ‘ఈమె బ్రెడ్డు లోపల పెట్టుండ్రి. చాయ్ పెట్టుండ్రి!’

పట్నానికి నేనూ వెంట వెళ్లాను. డాక్టరమ్మ చిన్న వయసుదే. నొప్పి ఎక్కడని అడగలేదు. ‘ఇంట్లో ఏం పని చేసేవారమ్మా?’ అంది. అన్ని దవాఖానలు తిరిగాం, ఈ మాట అడిగినవాళ్లు లేరు. అంతవరకూ కంటతడి పెట్టని మా అత్త అక్కడ బావురుమంది.

‘మగ్గం నేస్తనమ్మా. గుంటల దిగాలె. దిగుతనా?’

‘కాలు మునుపటిలా అవుతుందని అబద్ధం చెప్పను. దిగడం మాత్రం నేర్పించగలం. చాలా కష్టపడాలి.’

‘కష్టం సంగతి నాకిడిసిపెట్టు.’

పాదం వేలాడకుండా ఒక పట్టీ ఇచ్చారు, నాలుగు కాళ్ల కర్ర ఇచ్చారు. కుర్చీలోంచి లేవడం, పీట మీద కూర్చోవడం, పీట మీంచి నేలకు జారడం నేర్పారు. ఎడమ చేతికి కాస్త పట్టు వచ్చేదాకా కసరత్తు చేయించారు. ఇంటికొచ్చాక కూడా అదే పని. మామ గుంట అంచుకు చెక్క మెట్టు వేయించి, పట్టుకోవడానికి పైనుంచి తాడు కట్టాడు. మొదటిసారి దిగబోయి పడింది. మామ ఉరికొస్తే, ‘ఆడనే నిలబడు! పడ్డది నేను, లేసేది నేను’ అని కసిరింది. లేచింది. మళ్లీ పడింది. దసరా ముందు ఒకరోజు దిగి కూర్చుంది. కుడి కాలొక్కదానితోనే తొక్కేలా మామ మగ్గం మార్చాడు. నేత మునుపటంత జోరుగా సాగలేదు. ఎవరైనా ఆ మాటంటే, ‘నీకంత తొందరుంటే మిల్లు చీర కొనుక్కో’ అనేది.

ఆ తర్వాత ఆమెకు ఇంకో పిచ్చి పట్టుకుంది. గద్వాలలో గానీ, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు గానీ ఎవరైనా మంచాన పడ్డారని తెలిస్తే చాలు, కర్ర పట్టుకుని బస్సెక్కేది. చుట్టరికం ఉండక్కర్లేదు. పోయీపోగానే దుప్పటి లాగి, ‘ఏదీ, జర కాలు కదుపు’ అనేది. పట్నం దవాఖానకు ఎలా పోవాలో ఇంటివాళ్లకు చెప్పి, వినకపోతే తిట్టి వచ్చేది. కొందరు ముఖం మీదే తలుపేశారు. మళ్లీ పోయేది. నాకు చదువు చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. జాలి పడి ఊరుకోవద్దని నేర్పింది మాత్రం ఆమే.

ఆమె అలా తిట్టి లేపినవాళ్లంతా అంత్యక్రియలకు వచ్చారు. కర్రలతో వచ్చారు, కాళ్లకు పట్టీలతో వచ్చారు, ఒకాయన ఇద్దరు కొడుకుల భుజాలు పట్టుకుని వచ్చాడు. మామ వాళ్ల కోసం ఆటోలు మాట్లాడబోతే వనపర్తి పెద్దాయన ఒకరు అడ్డం పడ్డాడు. ‘ఆటో ఎక్కితే ఆమె లేసొచ్చి తిడ్తదన్నా. నడిచే వస్తం.’

డప్పులవాళ్లు మామూలుగానే ముందుకు సాగి, వెనక్కి చూసి ఆగారు. కర్రలవాళ్లు వచ్చి కలిశాక దరువు తగ్గించారు. ఒక అడుగు, ఒక దెబ్బ. ఇంకో అడుగు, ఇంకో దెబ్బ. ఎండ నెత్తి మీదికి వచ్చింది. మా వెనక బస్సు ఆగింది, దాని వెనక పత్తి విత్తనాల లారీలు ఆగాయి. హారన్లు కొట్టారు. ఎవరూ జరగలేదు, దరువూ పెరగలేదు. శ్మశానం దాకా మా అత్త వాళ్ల నడకతోనే పోయింది.