ఓడ దిగి వచ్చిన పంపు

“మోటారు మళ్లీ మూలుగుతంది. సాయంత్రం వొచ్చి ఇప్పి సూస్తాను,” అన్నాడు మీ మావయ్య.

“ముందు కేరేజీ అట్టుకెళ్లు. రోజూ మరిసిపోతావు,” అన్నాను నేను.

అవే మా ఇద్దరి ఆఖరి మాటలు. ఆ మధ్యాహ్నం ఓడరేవు డాక్‌లో క్రేను కిందే ఆయన గుండె ఆగిపోయింది. చివర్లో ఏం చెప్పుకున్నారత్తా అని మొన్న అడిగావు కదా కోడలా, ఇదే చెప్పుకున్నాం. మోటారు, కేరేజీ. రాసుకో.

డాక్ పక్కనే ఏక్‌బాల్‌పూర్‌లో ఆ అయిదంతస్తుల మేడకి నేలకింద ఉన్న గది మాది. నేను మెట్లు ఊడ్చి, పైన టాంకీకి నీళ్లెక్కించి, గేటు చూసుకుంటే ఆ గది మాకు ఊరికే ఇచ్చారు. గదినానుకుని బాత్రూము. వీధి కాలువేమో మా నెత్తికంటే ఎత్తున పోతుంది. మురికి దానంతటది వెళ్లే దారే లేదు. అందుకని కమోడు వెనక బియ్యం డబ్బా అంత పెట్టె బిగించారు. లోపల మోటారు, దానికి కత్తులు. వచ్చినదంతా రుబ్బి సన్నగొట్టంలోంచి పైకి తోస్తుంది. కరెంటు పోతే అదీ పోతుంది. లోడ్‌షెడ్డింగు రోజుల్లో మా కడుపులు కూడా కరెంటు కోసం కాచుకునేవి. నాలుగు నెలలకోసారి మీ మావయ్య దాన్ని విప్పి బాగుచేసేవాడు. నేను టార్చిలైటు పట్టుకునేదాన్ని.

ఆయన దినాలు అయిన మర్నాడే అది పూర్తిగా ఆగిపోయింది. నీళ్లు వెనక్కి తన్నాయి. నాలుగో అంతస్తు బెంగాలీ బాబు మేడ కమిటీకి సెక్రటరీ. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని మెట్ల మీదే నిలబడ్డాడు.

“మాసీ, కీ గంధో! ఏం కంపు, పైదాకా వాసన. ప్లంబరు మిస్త్రీని పిలిస్తే, ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదన్నాడు. కమిటీ ఈ బాత్రూము మూసేస్తానంటోంది. బాత్రూము లేని గదిలో మనిషిని ఎలా ఉంచుతాం? మీ దేశం వెళ్లిపో. అక్కడ మీవాళ్లుంటారు కదా.”

మా దేశమట! పెళ్లయిన ఏడు రైలెక్కి వచ్చేశాను. మా ఊళ్లో నన్ను గుర్తుపట్టేవాళ్లు ఎవరున్నారు? నా బతుకంతా ఆ గదిలోనే ఉంది.

“ఆదివారం దాకా ఆగండి దాదా,” అన్నాను. అప్పటిదాకా బకెట్టు పట్టుకుని సందు చివర పాయిఖానా దగ్గర లైన్లో నిలబడ్డాను.

మీ మావయ్యతో క్రేను మీద పనిచేసిన ఫిట్టరు ఒకడున్నాడు. మన శ్రీకాకుళం వైపు వాడే. వాడొచ్చి పెట్టె చూసి నవ్వాడు.

“ఓడల్లో ఉంతాది ఒదినా ఇది. నీటిమట్టం కిందుండే పాయిఖానాలకి ఇలాటివే బిగిస్తారు.”

వాట్‌గంజ్‌లో పాత ఓడల సామాను అమ్మే కొట్లున్నాయి. ఆదివారం పొద్దున్నే అక్కణ్ణుంచి ఒకటి భుజాన వేసుకుని తెచ్చాడు. దాని మీద ఏవో రాతలు.

“ఏటి రాసుంది బావూ?”

“నాకేటి తెలుసు, సీనావోడి రాతనాగుంది. పంపు మాత్రం మన కరెంటుకే తిరుగుతాది.”

వాడు తిన్నగా పానా తీశాడు. “ఆగు,” అన్నాను. ముందు మెయిన్ దించాలి. తరవాత పెట్టెలో నీళ్లు మగ్గుతో తోడాలి. గొట్టం మూతికి గుడ్డ చుట్టాలి, లేకపోతే అందులో ఉన్నదంతా నెత్తిన పడుతుంది.

“అన్నకి లైటట్టి మొత్తం నేర్సీసినావే!”

“పదేళ్లు ఆ దరిద్రప్పెట్టి ముందు గొంతుక్కూసుంటే రాదేటి?”

గోడవైపు గొట్టాన్ని బిగించి ఉంచే క్లిప్పు ఒకటి ఉంది. వాడి చెయ్యి క్రేను కొక్కెమంత, ఆ సందులో పట్టలేదు. నేను పెట్టాను. మోచేతిదాకా దూరిపోయింది. బోసి చెయ్యి కదా, దేనికీ తగల్లేదు, చప్పుడు కాలేదు. క్లిప్పు ఊడొచ్చింది.

పాత పెట్టె మూత తీశాం. కత్తుల మధ్య ఎర్రవీ పచ్చవీ గాజుముక్కలు.

వాడు తల వంచుకున్నాడు. నాకర్థమైంది. ఆయన పోయిన పదో రోజున నన్ను గంగఒడ్డుకి తీసుకెళ్లి గాజులు తియ్యాలి. ఆవేళ బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. అంత దూరం నడవలేమని ముసలమ్మలు ఆ బాత్రూములోనే కూర్చోబెట్టి గాజులు చిట్లగొట్టారు. నెత్తిన నీళ్లు పోసి, ముక్కలన్నీ తూములోకి కడిగేశారు. ఆ తూము నీళ్లు కూడా ఈ పెట్టెలోకే వస్తాయని వాళ్లకేం తెలుసు? నాకు తెలుసు. కానీ ఆ పూట నాకు పెట్టె ధ్యాసే లేదు.

“ఏడవకొదినా,” అన్నాడు.

“ఏడవట్లేదు. మీ అన్న కొన్న గాజులు సూడు, ఎంత గట్టివో. ఇనపకత్తులే ఒంగిపోనాయి.”

ముందు వాడు బెదిరినట్టు చూశాడు. తరవాత ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన పోయాక నేను నవ్వడం అదే మొదలు.

కొత్తది బిగించి, బకెట్టు నీళ్లు పోసి, స్విచ్చి వేశాడు. బుర్రుమని తిరిగింది. నీళ్లు మాత్రం కదల్లేదు. మీ మావయ్య చేసినట్టు గొట్టం మీద అరచెయ్యి పెట్టి చూశాను. లోపల ఉలుకూ పలుకూ లేదు.

“బావూ, నీళ్లు ఎనక్కి రాకుండా ఆపే వాల్వు ఉంది సూడు. దాన్ని తిరగేసి పెట్టీసినావు.”

“క్రేనైతే ఈపాటికి ఓడనే లేపీసేవోణ్ణి,” అని గొణుక్కుంటూ విప్పాడు. సరిగ్గా పెట్టి మళ్లీ స్విచ్చి వేశాడు. నా అరచేతి కింద గొట్టం జరజరమంది. నీళ్లు పైకెళ్లిపోయాయి.

సెక్రటరీ బాబు దిగి వచ్చాడు. తనే ఇంకో బకెట్టు పోసి చూశాడు. రుమాలు జేబులో పెట్టుకుని, “కే కొర్లో?” అన్నాడు, ఎవరు చేశారని. ఫిట్టరు నావైపు వేలు చూపించాడు.

“మాసీయా! పక్కమేడ కింద కూడా ఇలాంటిదే ఉంది, మూలుగుతోందట. చూసిపెడతావా?”

“ముందు నా గది సంగతి చెప్పండి దాదా.”

“గదికేమైంది? గది నీదే.”

ఆ మధ్యాహ్నం నా బాత్రూములో గడియ పెట్టుకుని రెండు బకెట్ల నీళ్లు పోసుకున్నాను. ఎవరి వెనకా లైన్లో నిలబడకుండా.

ఇక చాలు, కలం పెట్టెయ్. ఇప్పుడు మొదటినుంచీ చదివి వినిపించు. గబగబా వద్దు. నాకు అక్షరం రాకపోయినా, నా మాట తీసేసి నీ మాట ఎక్కడ పెట్టావో పట్టేస్తాను. ఊఁ, చదువమ్మా.