కోవా పొయ్యి మీద ఇంజను

మా ఇంట్లో కోవా పొయ్యి మీద పాలు తప్ప వేరేదేదీ ఎక్కకూడదని అమ్మ శాసనం. ఆ ఆదివారం దాని మీద మోటారు సైకిలు ఇంజను ఎక్కింది. అమ్మ మొహం మాడ్చుకుంది గానీ వద్దనలేదు. అడిగింది మా బాపు మరి. చేతులు వణకడం మొదలైనప్పటి నుంచి ఆయన నోరు తెరిచి ఏదైనా అడగడమే అరుదైపోయింది.

ఆ బండి వయసులో నాకంటే పెద్దది. దాని మీదే బాపు బేగంబజార్ మిఠాయి దుకాణాలకు ఏళ్ల తరబడి కోవా వేశాడు. ఎప్పుడు పాడైనా తానే విప్పేవాడు, ఇంకొకరిని పానా ముట్టనిచ్చేవాడు కాదు. వణుకు వచ్చాక పానాలన్నీ నాకిచ్చేసి, గుమ్మంలో కూర్చుని వీధిని చూడటం నేర్చుకున్నాడు. ఆయన అలా కూర్చోవడం చూస్తే నాకు ఒళ్లు మండేది. బండి బాగుచేసే సాకుతో ఆయన్ని అక్కణ్ణుంచి లేపాలని పంతం పట్టాను.

నేను బస్సు డిపోలో మెకానిక్‌ని. ఇంజను అడుగు నుంచి వచ్చే గరగర మోత క్రాంక్‌షాఫ్ట్ అనే ఇరుసును మోసే బేరింగులదేనని నాకు తెలుసు. అయినా బాపును అడిగాను. గుమ్మంలోంచే తలూపాడు. ఇంజను విప్పి పాతవి తీసేసి, ఉస్మాన్‌గంజ్ అంతా తిరిగి కొత్తవి తెచ్చాను. వాటిని కవర్లో చుట్టి ఫ్రీజర్లో పనీరు పక్కన పెట్టాను. చల్లబడితే బేరింగు కాస్త ముడుచుకుంటుంది. షాఫ్ట్‌ను మోసే అల్యూమినియం పెట్టె రెండు సగాలుగా ఉంటుంది. ఒక్కో సగాన్ని వేడి చేస్తే బేరింగు కూర్చునే గుంత కాస్త విచ్చుకుంటుంది. అందుకే బాపు గుమ్మంలోంచే అమ్మను కోవా పొయ్యి అడిగాడు. వేడి తగ్గేలోపే బేరింగు జారి కూర్చోవాలి. సుత్తితో బలవంతం చేస్తే పెట్టె పగులుతుంది, ఆ పాత పెట్టె మళ్లీ ఎక్కడా దొరకదు.

వేడి చాలిందో లేదో చెప్పింది అమ్మే. పెనం మీద చల్లినట్టు నీళ్లు చల్లి, బొట్లు చుర్రుమని ఎగరగానే దించమంది.

చున్నీ నడుముకు బిగించి, బేరింగును గట్టిగా పట్టుకుని గుంతలో పెట్టి నొక్కాను. నా చేతికి వణుకు లేదు కదా అన్న ధీమా. అది ఓ పక్కకు ఒరిగి సగంలో ఇరుక్కుంది. కోపమొచ్చి సుత్తి అందుకున్నాను.

“కొట్టకు బిడ్డా,” అన్నాడు బాపు. ఎప్పుడు లేచొచ్చాడో, నా వెనకే ఉన్నాడు. “గట్ల నొక్కితె అది ఇనది. దాని తొవ్వ అదే ఎతుక్కుంటది. మళ్ల పొయ్యి మీద పెట్టు.”

మళ్లీ వేడెక్కాక బోర్లిస్తే బేరింగు దానంతటదే రాలిపడింది. దాన్ని తిరిగి పనీరు పక్కకు పంపి, చల్లబడే దాకా ముగ్గురం చాయ్ తాగాం.

పెట్టె మళ్లీ వేడెక్కాక, ఈసారి బాపు చెయ్యి చాపాడు. బేరింగు ఇవ్వాలంటే భయమేసింది. అమ్మ కూడా చేతిలో పని ఆపి చూస్తోంది. పెట్టె పోతే పోనీ, కానీ ఇది ఒరిగిపోతే ఆయన మళ్లీ ఆ గుమ్మంలోంచి లేవడు. అయినా ఇచ్చాను.

బాపు బేరింగును నొక్కలేదు. గుంత అంచు మీద ఊరికే ఆనించి, పైన వేళ్లు ఉంచాడు. వేళ్లు వణుకుతున్నాయి. ఆ వణుకుకే బేరింగు సన్నగా అటూ ఇటూ కదిలి, సర్దుకుని, టక్కుమని అడుగుకు దిగింది.

బాపు తన చేతిని తిప్పి చూసుకున్నాడు. “దీనితోని ఇగ ఏ పని కాదనుకున్న,” అన్నాడు మెల్లగా.

నా సంతోషం బయటపడకుండా, మంట తగ్గిపోతోందని అమ్మ మీద కేకేశాను. అమ్మ నా మొహం చూసి నవ్వుకుంటూనే రెండో సగాన్ని పొయ్యి మీద పెట్టింది.

అది వేడెక్కి అమ్మ దించాక, నేను ఫ్రీజర్లోంచి ఇంకో బేరింగు తెచ్చేసరికి, బాపు ఆ సగాన్ని గుడ్డతో తుడిచి, నా వైపు చూడకుండానే చెయ్యి చాపాడు. ఆ చెయ్యి అలాగే వణుకుతోంది. ఈసారి నేను ఆలోచించకుండా ఇచ్చేశాను.