గాలి చూసిన చెయ్యి

ఫిబ్రవరి రెండో సోమవారం, ఉదయం ఏడుంపావుకు చీరాలలో పర్చూరు బస్సు ఎక్కాను. ముందు సీటాయన కిటికీలోంచి అరచెయ్యి బయటికి చాపాడు.

“చెయ్యి లోపల పెట్టు నాయనా, లారీలొస్తాయి.”

“గాలి చూస్తున్నానమ్మా. వాడరేవు వాళ్లం, అలవాటు.”

మా మిరప రైతుల ఊరూ, వాడరేవు జాలర్లూ, చీరాల నేతగాళ్లూ కలిసి ఆదివారాలకు ఒక ఏర్పాటు చేసుకున్నాం. చూడ్డానికి వచ్చిన పట్నంవాళ్లు పొద్దున పడవెక్కి గాలం వేస్తారు, తర్వాత మగ్గాలు చూస్తారు, మధ్యాహ్నం మా ఊళ్లో భోంచేస్తారు. రెండు వారాల క్రితం పడవ తిరగబడి ఒకతను పోయాడని మాకు తెలుసు. వాడరేవు అనేసరికి ఆ సంగతే అడిగాను.

“అతను మా తమ్ముడేనమ్మా,” అన్నాడు. “గాలి తిరిగింది, వద్దురా అన్నాను. అవతల మనకోసం అన్నాలు వండేశారు, ఇప్పుడు రామంటే ఏం బాగుంటుంది అన్నా, అని పడవ దించాడు. తన పడవెక్కిన ఆరుగురినీ ఒడ్డుకు తోశాడు, తను రాలేదు. అందుకే ఆ అన్నాలు వండే ఊరు వెళ్తున్నా. ఇకమీదట నేను ఫోన్ చేసి సరేనన్నాకే పొయ్యి ముట్టించమని అడగాలి.”

“ఆ రోజు పొయ్యి ముట్టించింది నేనే నాయనా. ఐదున్నరకు.”

అతను చెయ్యి మెల్లగా లోపలికి తీసుకున్నాడు.

“మీ తప్పేముందమ్మా? మీ ఊళ్లోకి సముద్రం గాలి రాదుగా.”

ఆ ఆదివారం పోయినవి: ఒక పడవ, నాలుగు గాలాలు, ముప్పైమందికి వండిన అన్నం, ముప్పై రెండేళ్ల మనిషి.