ప్రార్థనలో ఒక పేరు

ఈ రోజు శనివారం. ఇంట్లో ఉన్నది నేను, మా అమ్మాయి. కంప్యూటర్ తెరుచుకోవడానికి పదకొండు నిమిషాలు పట్టిందని డైరీలో రాసుకున్నాను. అమ్మాయి చూసి, "ఆన్ చెయ్యంగానే ఇన్ని ప్రోగ్రాములు లేస్తా ఉంటే ఎట్టా నాన్నా? అక్కర్లేనివి తీసేద్దాం," అంటూ ఒక్కొక్క పేరూ చదివింది. తీసెయ్ అనడానికి నాకు నోరు రాలేదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మేం మైపాడులో ఉండేవాళ్లం. మా నాయనమ్మను అవ్వా అని పిలిచేవాణ్ణి. పొయ్యి వెలిగించే ముందు ఆమె ప్రార్థన చేసేది. చేపల వేటకు వెళ్లే మావాళ్లందరినీ పేరుపేరునా తలిచాకే గంజి కాగేది. రోజూ బడికి ఆలస్యమై నేను దెబ్బలు తినేవాణ్ణి. ఒక రోజు గడియారం చూసి లెక్కకట్టాను.

"అవ్వా, పేర్లు తగ్గించు."

"దేవుడికి నీ బడిగంట వినపడదులేరా. ఎవుర్ని తీసెయ్యమంటావు?"

"చిన్నాయన్ని. పడవ మునిగి ఏడాదైంది. ఎట్టాగూ రాడు గదా."

పక్కనే ఎండుచేపలు ఏరుతున్న పిన్ని, చిన్నాయన భార్య, చేతులు ఆపింది. అవ్వ నన్ను తిట్టలేదు. రాని మనిషి పేరుతో పొద్దు పోతోందనే నేననుకున్నాను. పిన్నికి ఆయన ఇంకా బతికున్నది ఆ ప్రార్థనలోనేనని చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

మరునాడు ఉదయం అవ్వ ఆ పేరు చెప్పకుండానే ఆమేన్ అంది. నేను గంజి తాగి బడికి బయలుదేరేటప్పుడు కూడా ప్రార్థనకు కూర్చున్న పిన్ని కళ్లు మూసుకునే ఉంది.